బండ్ల గోల లేని కనుమ రోడ్లు ఎలా వెతకాలి, ఎలా ఎక్కి దిగాలి?

ప్రశ్న, కుదించి: "చదును రోడ్ల మీద రోజుకి 70–80 కి.మీ. హాయిగా తొక్కుతాను. ఈసారి కనుమలూ లోయలూ కలిపి ఐదు రోజులు తిరగాలని ఉంది. పేరున్న కనుమల మీద కార్లూ మోటార్‌సైకిళ్ళూ విపరీతమట. రద్దీ లేని రోడ్లు ఎలా ఎంచుకోవాలి? నా సైకిల్‌కి ముందు పళ్ళ చక్రాలు (రింగులు) 50/34 పళ్ళవి, వెనకవి (స్ప్రాకెట్లు) 11–28 పళ్ళవి, చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులు. సరిపోతుందా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. కార్లకు అవసరం లేని కనుమను ఎంచుకోండి. కింద సొరంగం పడ్డాక పైన మిగిలిపోయిన పాత రోడ్డు, సొంత కార్లను రానివ్వని రోడ్డు, లోయలో హైవేకి అవతలి ఒడ్డున పోయే ఊళ్ళ రోడ్డు. ముందు ఈ మూడు రకాలే చూడండి. రోజుకి 1,000–1,200 మీటర్లకు మించి ఎక్కుడు పెట్టుకోకండి. 11–28 క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) సరిపోదు, 11–34 వేయించండి. రిమ్ బ్రేకులతో నిక్షేపంగా దిగొచ్చు, కానీ దిగే పద్ధతి వేరు. అది కింద రాస్తాను.

ఎత్తు ఎక్కువైతే జనం తక్కువ ఉంటారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎత్తుకీ రద్దీకీ సంబంధం లేదు. ఆల్ప్స్‌లో స్టెల్వియో 2,757 మీటర్లు. ఉత్తరం వైపు ప్రాటో నుంచి 48 హెయిర్‌పిన్ మలుపులు. వేసవి ఆదివారం మధ్యాహ్నం అక్కడ మోటార్‌సైకిళ్ళ మోత తప్ప ఇంకేమీ వినపడదు. దానికి పక్కనే, దాదాపు అంతే ఎత్తులో ఉన్న ఉంబ్రైల్ రోడ్డులో మీ ఊపిరి మీకు వినపడుతుంది. ఆ రోడ్డు మీదికి రావాల్సిన పని ఎవరికి ఉందన్నదే చూడాలి. సరుకు లారీలకు, అవతలి ఊరికి పోయే కార్లకు, ఫొటోల కోసం వచ్చేవాళ్ళకు, మోటార్‌సైకిల్ వాళ్ళకు. ఈ నాలుగు వర్గాల్లో ఎంతమందికి పని లేకపోతే అంత ప్రశాంతం.

సొరంగం ఉన్న కనుమలు. స్విట్జర్లాండ్‌లో గోథార్డ్ కనుమ కింద 16.9 కి.మీ. రోడ్డు సొరంగం 1980లో తెరిచారు. ఐరోలో ఊరి నుంచి పైకి పోయే పాత ట్రెమోలా రోడ్డు, 24 హెయిర్‌పిన్లతో, దాదాపు సైకిళ్ళకే మిగిలింది. అదంతా గ్రానైట్ రాళ్ళు పరిచిన రోడ్డు. 28 మి.మీ. కంటే సన్నటి టైర్లతో చేతులు తిమ్మిరెక్కుతాయి, తడిసిందంటే దిగేటప్పుడు జారుతుంది. కాబట్టి దాన్ని ఎక్కడానికి వాడుకోండి, దిగడానికి కాదు. సాన్ బెర్నార్దీనో (2,066 మీ.) కింద సొరంగం 1967 నుంచి ఉంది. ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య పిరెనీస్ కొండల్లో సోంపోర్ (1,632 మీ.) కింద 2003లో వచ్చింది.

ఒక్క మెలిక ఉంది. సొరంగం లారీలను మళ్ళిస్తుంది గానీ సందర్శకులను మళ్ళించదు. మన హిమాచల్‌లో రోహ్‌తాంగ్ (3,978 మీ.) కింద 9 కి.మీ. పైచిలుకు అటల్ సొరంగం 2020లో తెరిచాక అవతలికి పోయే బండ్లన్నీ లోపలి నుంచే పోతున్నాయి. కానీ మంచు చూడ్డానికి వచ్చే టాక్సీలు పైకే వస్తాయి. అలాంటి చోట తెల్లవారుజామే మీది. పొద్దెక్కితే వాళ్ళది.

కార్లు రాని రోడ్లు. స్విట్జర్లాండ్‌లో గ్రోస్సె షైడెగ్ (1,962 మీ.) దీనికి మంచి ఉదాహరణ. గ్రిండెల్‌వాల్డ్ నుంచి అవతల ష్వార్జ్‌వాల్డాల్ప్ దాకా సొంత కార్లకు ప్రవేశం లేదు. లైను బస్సులు మాత్రం తిరుగుతాయి, మలుపుకు ముందు మూడు స్వరాల హారన్ కొడతాయి. అది వినపడగానే రోడ్డు వెడల్పుగా ఉన్న చోట చూసుకుని ఆగిపోండి. ఇరుకు రోడ్డులో ఆ బస్సుకే దారి, డ్రైవరు ఎటు జరగమంటే అటు జరగాలి. ఇటలీలోని డోలమైట్స్‌లో సెల్లా కొండ చుట్టూ ఉన్న నాలుగు కనుమలను (కాంపొలోంగో, పోర్దోయ్, సెల్లా, గార్దెనా) ఏటా కొన్ని రోజులు మోటారు బండ్లకు మూసి సైకిళ్ళకు వదులుతారు. స్టెల్వియోకూ ఏటా అలాంటి రోజు ఒకటుంది. ఫ్రాన్స్‌లో వేసవిలో కొన్ని కనుమల్ని కొన్ని ఉదయాలు కొద్ది గంటలపాటు ఇలాగే వదులుతారు. కార్లైతే ఉండవు గానీ ఆ రోజు సైకిళ్ళు వేలల్లో ఉంటాయి. మీరు వెతికేది ఏకాంతమైతే ఆ తేదీల్ని తప్పించండి.

ఇరుకు రోడ్లు. దక్షిణ ఆల్ప్స్‌లో బార్సెలొనెట్ నుంచి బయల్దేరే కాయోల్ (2,326 మీ.) రోడ్డు గండిలోంచి సన్నగా పోతుంది. పెద్ద బస్సులకు అది కుదరదు. అందుకే చుట్టుపక్కల పేరున్న కనుమల కంటే నెమ్మదిగా ఉంటుంది. మీకూ చిక్కు ఉంది. ఎదురుగా కారు వస్తే ఇద్దరికీ చోటుండదు. దిగేటప్పుడు ప్రతి గుడ్డి మలుపు వెనకా కారు ఉందనుకునే దిగాలి.

ఇక మీకు మీరే వెతుక్కునే పద్ధతి. మ్యాప్ యాప్‌లో కనుమకు ఇటు ఊరు, అటు ఊరు పెట్టి కారు దారి అడగండి. మీరు అనుకున్న కనుమ మీదుగానే చూపిస్తే అది రద్దీ రోడ్డు, వదిలేయండి. వేరే దారి చూపించి, మీ కనుమ మీదుగా పోతే అరగంటో గంటో ఎక్కువ పడుతుందంటే అది మంచి గుర్తు. తర్వాత ఉపగ్రహ చిత్రంలో కనుమ శిఖరం చూడండి. పైన పెద్ద పార్కింగ్ స్థలం, రోప్‌వే, వరసగా హోటళ్ళు కనిపిస్తే సందర్శకులు వస్తారన్నమాట. ఆఖర్న వీధి చిత్రాల్లో రోడ్డు మధ్య తెల్లగీత ఉందేమో చూడండి. మధ్య గీత లేని తారురోడ్డు అంటే రెండు బండ్లు వేగంగా ఎదురుపడలేని రోడ్డు. అక్కడ కార్లు తక్కువ, ఉన్నవి కూడా మెల్లగా వస్తాయి. అదే చిత్రంలో తారు ఎక్కడ అయిపోతుందో కూడా తెలుస్తుంది. సైక్లింగ్ యాప్‌ల హీట్‌మ్యాప్ (ఎక్కువ మంది తొక్కిన రోడ్లను వెలుగుతో చూపే పటం) కూడా పనికొస్తుంది, కానీ బాగా వెలిగిపోయే గీత అంటే సైకిళ్ళు ఎక్కువని మాత్రమే. కార్లు తక్కువని అది చెప్పదు.

వేళల సంగతి. మోటార్‌సైకిళ్ళు ఉదయం పది దాటాక మొదలై సాయంత్రం ఐదు దాకా ఉంటాయి. శని, ఆదివారాలు మరీ ఎక్కువ. కాబట్టి పెద్ద కనుమ మంగళ, బుధ, గురువారాల్లో పెట్టుకుని, ఆరుకల్లా చక్రం కదిలితే తొమ్మిదిన్నరకి మీరు పైన ఉంటారు. ఎత్తైన ఆల్ప్స్ కనుమలు మామూలుగా మే ఆఖరు లేదా జూన్ నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటాయి. నన్నడిగితే సెప్టెంబరు మొదటి సగం ఉత్తమం. సెలవుల జనం వెళ్ళిపోతారు, మంచు ఇంకా రాదు. బయల్దేరే ముందు రోజు ఆ కనుమ తెరిచి ఉందో లేదో స్థానిక రోడ్ల శాఖ పేజీలో తప్పకుండా చూడండి. కొండచరియ విరిగిపడితే నడి వేసవిలోనూ మూసేస్తారు.

లోయలను తక్కువ అంచనా వేయకండి. కనుమల గురించి ఇంత ఆలోచించినవాళ్ళు రెండు కనుమల మధ్య లోయలో 30 కి.మీ. హైవే పక్కన లారీల పొగ పీలుస్తూ పోతారు. లోయలో హైవే, రైలు ఏటికి ఒక ఒడ్డున ఉంటే, చాలాసార్లు అవతలి ఒడ్డున ఊళ్ళను కలుపుతూ చిన్న రోడ్డు ఉంటుంది. అది కాస్త ఎగుడుదిగుడుగా పోతుంది, 30 కి.మీ.కి మరో 200–300 మీటర్లు ఎక్కిస్తుంది. ఆ ఎక్కుడు మీ రోజు లెక్కలో కలుపుకోండి. ఎత్తేసిన రైలు కట్టల మీద వేసిన సైకిల్ బాటలైతే ఇంకా సుఖం, వాటి వాలు చాలా వరకు 2–3 శాతం దాటదు. తారు బదులు కంకర ఉండొచ్చు, పాత రైలు సొరంగాల్లో చీకటి ఉంటుంది.

లోయలో గాలికీ ఒక వరస ఉంటుంది. ఎండ వేడికి కొండవాలులు వేడెక్కి, మధ్యాహ్నం గాలి లోయ కింది నుంచి పైకి వీస్తుంది. రాత్రి, తెల్లవారుజామున పైనుంచి కిందికి. అందుకని లోయలో దిగువకు పోయేది ఉదయం, ఎగువకు పోయేది మధ్యాహ్నం పెట్టుకుంటే గాలి వెనకనుంచి తోస్తుంది. తిరగేసి పెట్టుకుంటే 2 శాతం దిగుడులో కూడా చిన్న గేరులో తొక్కాల్సి వస్తుంది. మినహాయింపులు లేకపోలేదు. స్విట్జర్లాండ్‌లోని ఎగువ ఎంగాడీన్ లోయలో పగటిపూట మలోయా గాలి ఎదురు దిశలో, లోయ కిందికే వీస్తుంది.

సగటు వాలును నమ్మొద్దు. 10 కి.మీ.లో 700 మీటర్లు ఎక్కితే సగటు 7 శాతం. బానే ఉంది. కానీ ఫ్రాన్స్‌లోని క్రొవా ద ఫేర్ (2,067 మీ.) లాంటి కనుమలో మధ్యలో దిగుడులు వస్తాయి. సగటు 5 శాతం అని చూసి వెళ్తే, దిగిపోయిన ఎత్తంతా మళ్ళీ ఎక్కాల్సిన చోట 10 శాతం పైన ముక్కలు ఎదురవుతాయి. కిలోమీటరు వారీ పటం తీసి, 9 శాతం దాటిన కిలోమీటర్లు ఎన్ని, అవి మొదట్లో ఉన్నాయా చివర్లో ఉన్నాయా చూడండి. చివర్లో ఉంటే రెండు రెట్లు బరువనిపిస్తాయి.

ఇప్పుడు గేర్ల లెక్క. మీరూ సైకిలూ సామానూ కలిపి 85 కిలోలు అనుకుందాం. అలవాటు లేని వాళ్ళు గంటలకొద్దీ నిలకడగా తొక్కగలిగేది 150 వాట్ల దరిదాపు. అందులో టైర్ల రాపిడి, గాలి పోగా మిగిలేదానితో గంటకి సుమారు 550 మీటర్లు ఎక్కుతారు. అంటే వెయ్యి మీటర్ల కనుమకి గంటా యాభై నిమిషాలు. చక్రం ఒక చుట్టుకి 2.1 మీటర్లు పోతుంది. 34/28 గేరులో నిమిషానికి 70 సార్లు తొక్కితే వేగం గంటకి 10.7 కి.మీ. 8 శాతం వాలులో అది గంటకి 857 మీటర్ల ఎక్కుడు, దానికి సుమారు 230 వాట్లు కావాలి. మీ దగ్గర 150 ఉంటే కేడెన్స్ (నిమిషానికి తొక్కే చుట్లు) 46కి పడిపోతుంది. అరగంట అలా తొక్కితే ముందు మోకాళ్ళు, తర్వాత నడుము పట్టేస్తాయి. 34/34లో 60 కేడెన్స్‌తో అయితే గంటకి 605 మీటర్లు, 160 వాట్లతో సరిపోతుంది. సామాను ఎక్కువుంటే ముందు 30 పళ్ళ రింగు ఇంకా మంచిది. చిన్న గేరు వేసుకోవడం నామోషీ అనుకునేవాళ్ళను చివరి మూడు కిలోమీటర్లలో సైకిల్ నడిపించుకుంటూ చూడొచ్చు.

క్యాసెట్ ఒక్కటే కొని బిగించేయకండి. వెనక డిరైలర్ (చైన్‌ను గేరు నుంచి గేరుకి మార్చే భాగం) మోయగలిగే లెక్క చూడాలి: ముందు రింగుల తేడా 16, వెనక స్ప్రాకెట్ల తేడా 23, మొత్తం 39. ఇప్పుడున్నది 16 + 17 = 33. పొట్టి కేజ్ (చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే కింది చట్రం) ఉన్న డిరైలర్ 39ని మోయలేదు, పొడుగు కేజ్‌ది కావాలి. చైన్ కూడా పొడవు పెంచాలి. పాత చైన్‌తో, అలసిపోయి పొరపాటున ముందు 50, వెనక 34 మీదికి వేశారంటే చైన్ బిగుసుకుపోయి, డిరైలర్‌ను ఫ్రేముకి తగిలించే హ్యాంగర్‌ను విరిచేస్తుంది. అది విరిగితే అక్కడితో ఆ రోజు ఆఖరు. బయల్దేరే ముందు స్టాండు మీద పెద్ద రింగు, పెద్ద స్ప్రాకెట్ వేసి కేజ్‌కి ఇంకా కాస్త సాగే వీలుందో లేదో కళ్ళారా చూడండి. విడి హ్యాంగర్ ఒకటి సామానులో పెట్టుకోండి. మీ సైకిల్ మోడల్‌దే కావాలి, ఒకదానిది ఇంకొకదానికి పట్టదు.

దిగుడు, బ్రేకులు. ఎక్కుడు కష్టపెడుతుంది, దెబ్బలు తగిలేది మాత్రం దిగుడులో. భయంతో వేగం 30 దగ్గర పట్టి ఉంచాలని రెండు బ్రేకులూ అదేపనిగా నొక్కుకుంటూ దిగడమే అన్నిటికంటే పెద్ద తప్పు. 8 శాతం వాలులో గంటకి 30 కి.మీ. దగ్గర బ్రేకుతో ఆపి ఉంచితే సుమారు 400 వాట్ల వేడి ఎడతెగకుండా రిమ్ముల్లోకి పోతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డం పెరిగి ఆ భారంలో ఎక్కువ భాగం తనే మోస్తుంది. అందుకే నేరుగా ఉన్న ముక్కలో నిటారుగా కూర్చుని, ఛాతీని గాలికి అడ్డంపెట్టి సైకిల్‌ను వదిలేయాలి. మలుపుకు ముందు, సైకిల్ ఇంకా నిలువుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం దించి, వాలే ముందు వదలాలి. గట్టిగా కొద్దిసేపు, తర్వాత పూర్తిగా వదలడం. ఆ వదిలిన క్షణాల్లోనే రిమ్ చల్లారుతుంది. వేగంగా వదిలేయడానికి ధైర్యం చాలకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు. రెండు మూడు కిలోమీటర్లకి ఒకసారి పూర్తిగా ఆగి, ఐదు నిమిషాలు చల్లారనివ్వండి.

మితిమీరి వేడెక్కితే లోపలి గాలి పీడనం పెరిగి టైరు అంచు రిమ్ నుంచి ఊడి ట్యూబ్ పేలుతుంది. ముందు చక్రమైతే సైకిల్ మీ మాట వినదు. కార్బన్ రిమ్ములు వేడికి మెత్తబడతాయి, కాబట్టి పొడవాటి దిగుళ్ళకు అల్యూమినియం రిమ్ములే వాడండి. లేటెక్స్ ట్యూబులు వద్దు, మామూలు బ్యూటైల్ ట్యూబులు పెట్టండి. పీడనం టైరు మీద రాసిన గరిష్ఠానికి దిగువనే ఉంచండి. రిమ్ పక్కగోడ మీద అరుగుదల గుర్తు (సన్నటి గాడి లేదా చిన్న గుంట) చెరిగిపోయి ఉంటే ఆ రిమ్‌తో కొండకు పోవద్దు. వేలితో తడిమితే గోడ లోపలికి పల్లంగా తగిలినా అంతే.

ప్యాడ్లు కొత్తవి వేసుకుని ఒక జత విడిగా పెట్టుకోండి. ప్రతి సాయంత్రం ప్యాడ్ ముఖం చూసి, మెరిసే అల్యూమినియం తునకలు గుచ్చుకుని ఉంటే పిన్నుతో పీకేయండి. లేకపోతే అవే రిమ్‌ను తొలుస్తాయి. వర్షంలో రిమ్ బ్రేకు మొదటి ఒకటి రెండు చుట్లు పట్టదు, నీళ్ళు తుడిచాకే పడుతుంది. అందుకని మలుపుకి చాలా ముందే తేలికగా ఆనించి, తుడిచి, తర్వాత నొక్కాలి. మీతో వచ్చేవాళ్ళకి డిస్క్ బ్రేకులుంటే వాళ్ళకీ ఒక మాట: కొత్త ప్యాడ్లను చదును రోడ్డు మీద గంటకి 25–30 కి.మీ. నుంచి ఇరవై సార్లు దాకా వేగం తగ్గించి అరగదీసుకుని రావాలి. ప్యాడ్ మందం అర మి.మీ.కి వస్తే మార్చాలి. వాన, ఇసుక కలిసిన దిగుడులో మెత్తటి రెసిన్ ప్యాడ్లు ఒక్క రోజులోనే అయిపోయే సందర్భాలున్నాయి.

చలి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. లోయలో 700 మీటర్ల దగ్గర 25 డిగ్రీలుంటే 2,400 మీటర్ల శిఖరంలో 14. ఆ 14లో చెమటతో తడిసిన చొక్కాతో గంటకి 50 కి.మీ.తో దిగితే పది నిమిషాల్లో వేళ్ళు కొయ్యబారి బ్రేకు పట్టు తప్పుతుంది. పైకి చేరగానే ఫొటో కంటే ముందు లోపలి బనియను మార్చండి, గాలి ఆపే జాకెట్ మెడదాకా బిగించండి, పూర్తి వేళ్ళ గ్లౌజులు తొడగండి. ఈ మూడూ కలిపి అర కిలో కూడా ఉండవు. మధ్యాహ్నం ఉరుములు కొండల్లో మామూలే, పన్నెండుకల్లా శిఖరం దాటేట్టు చూసుకోండి. 2,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో ముప్పాతికే కాబట్టి పైన వేగం తగ్గితే కంగారుపడొద్దు. రోహ్‌తాంగ్ లాంటి ఎత్తులది వేరే కథ: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకి ఒక రోజు విశ్రాంతి ఉండాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా ఎక్కకుండా కిందికి దిగాలి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎక్కేటప్పుడు గంటకి 40–60 గ్రాముల పిండి పదార్థం, అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు. ఆకలి వేసేదాకా ఆగొద్దు. రద్దీ లేని కనుమ అంటే పైన కొట్టు కూడా ఉండకపోవచ్చు.

సొరంగాలు, మంచు అడ్డుకునే షెడ్లు వస్తాయి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూ ఉండాలి, ముందు లైటు రోడ్డు గుంట కనిపించేంత ఉండాలి. లోపలికి పోయే ముందు నల్ల కళ్ళద్దాలు తీసేయండి. సైకిల్ నిషేధం గుర్తు ఉంటే పక్కన పాత రోడ్డు ఉందేమో వెతకండి, చాలా చోట్ల సైకిళ్ళకోసమే వదిలి ఉంచుతారు.

ఐదు రోజులకు ఒక దారి. మొదటిసారికి ఆస్ట్రియా, ఇటలీ మధ్య రెషెన్ కనుమ (1,504 మీ.) మీదుగా పోయేదే చెప్తాను. మొదటి రోజు ఆస్ట్రియాలో లాండెక్ (816 మీ.) నుంచి ఇన్ నది వెంట ఎగువకు, స్విస్ సరిహద్దులోని మార్టీనా దాకా, 40 కి.మీ. పైచిలుకు. ఫుండ్స్ దాటాక నౌడర్స్‌కి నేరుగా ఎక్కే మెయిన్ రోడ్డు పట్టకండి, అది లారీలూ షెడ్లూ ఉన్న దారి. రెండో రోజు మార్టీనా నుంచి నార్బెర్ట్స్‌హోహె (1,405 మీ.) ఎక్కండి, 11 హెయిర్‌పిన్లు, 6 శాతం దరిదాపు. మీ కొత్త క్యాసెట్‌కి మంచి పరీక్ష అది. అక్కడి నుంచి నౌడర్స్, రెషెన్, నీళ్ళలోంచి గంటగోపురం పైకి తేలి కనిపించే సరస్సు, తర్వాత సైకిల్ బాట మీద ఇటలీలోని మాల్స్ ఊరు. మూడో రోజు మళ్ళీ స్విట్జర్లాండ్‌లోకి, ముస్టైర్ లోయలో సాంటా మరియా దాకా పొట్టి రోజు, కాళ్ళకి విశ్రాంతి.

నాలుగో రోజు ఉంబ్రైల్. సాంటా మరియా (1,375 మీ.) నుంచి 2,500 దాకా దాదాపు 13 కి.మీ., సగటు 8.5 శాతం. 2015 నుంచి పూర్తిగా తారురోడ్డే. ఓపిక మిగిలితే (రోజుకి 1,200 మీటర్ల లెక్క కాస్త దాటుతుంది) ఉంబ్రైల్ నుంచి మరో మూడు కిలోమీటర్లు ఎక్కితే స్టెల్వియో శిఖరం దొరుకుతుంది, పొద్దున్నే అయితే అక్కడ కూడా ఖాళీయే. దిగేటప్పుడు మోహం కొద్దీ స్టెల్వియో 48 మలుపుల వైపు పోకండి. మీరు దిగే వేళకి కింది నుంచి బండ్లు ఎక్కుతూ ఉంటాయి, రిమ్ బ్రేకులకి 1,800 మీటర్ల దిగుడు అది. వచ్చిన దారినే దిగండి. ఐదో రోజు అడిజె నది వెంట సైకిల్ బాటలో మెరాన్ దాకా దిగుడే ఎక్కువ. మధ్యాహ్నం గాలి ఎదురవ్వొచ్చు కాబట్టి ఉదయమే బయల్దేరండి. కాళ్ళు మొరాయిస్తే మాల్స్ నుంచి మెరాన్‌కి రైలుంది.